డిజిటల్ గిటార్ యాంప్‌కి చిన్న స్పీకర్ ఏది తీసుకోవాలి?

పానగల్ పోరడు:
అన్నలకు నమస్తే. మాది నల్గొండ. నా దగ్గర జూమ్ జీ1 ఫోర్ (రకరకాల యాంప్‌ల సౌండ్‌ను డిజిటల్‌గా ఇచ్చే పెడల్) ఉంది, ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్స్‌లోనే వాయించుకున్నా. ఇప్పుడు డాబా మీద దోస్తులు కూడినప్పుడు, ఆదివారం ఇంటి ప్రార్థనలో ముప్పై మంది దాకా ఉన్నప్పుడు వాయించడానికి బండి మీద పట్టుకుపోయే స్పీకర్ కావాలి. బడ్జెట్ ఐదారు వేలు. ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్ సరిపోతుందా?

పాలమూరు తీగలు:
బ్లూటూత్ మాత్రం వద్దు తమ్మీ. నేను ఫోన్‌లో యాంప్ యాప్ పెట్టి చూశా. బావిలో రాయి వేసి బుడుంగుమనేదాకా చెవి పెట్టినట్టు ఉంటుంది. మామూలు బ్లూటూత్‌లో 150 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే. గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కదా, 200 మిల్లీసెకన్లంటే దాదాపు 70 మీటర్ల అవతల స్పీకర్ పెట్టుకుని వాయించినట్టు లెక్క. సినిమా చూసేటప్పుడు ఇది తెలియదు, బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తారు కాబట్టి.

పానగల్ పోరడు:
మరి వైరుతో?

దేవరకొండ డీ మైనర్:
ముందు స్పీకర్‌కి ఆక్స్ రంధ్రం, అంటే బయటి సౌండ్‌ను వైరుతో ఇచ్చేది, ఉందో లేదో చూడు. కొత్తవాటిలో తీసేస్తున్నారు. జేబీఎల్ ఫ్లిప్ 4కి ఉండేది, ఫ్లిప్ 5కి లేదు. కొన్నిటికి ఉన్నా లోపల మళ్లీ డిజిటల్ చేసి వదులుతాయి, వైరు పెట్టినా కొంచెం వెనకబడతాయి. షాపుకు గిటార్ పట్టుకునే పో. సిగ్గుపడకు.

నా అనుభవం ఒకటి. ప్రార్థనలో వాక్యం చెప్తున్నంతసేపూ నేను మీటలేదు. ఏ శబ్దమూ రావట్లేదని స్పీకర్ తనంతట తానే ఆరిపోయింది. పాట ఎత్తుకున్నారు, నా దగ్గర చప్పుడు లేదు. కంగారుగా బటన్ నొక్కితే "టుడుడుం" అని స్టార్టింగ్ మ్యూజిక్ ఫుల్ సౌండ్‌లో! పాస్టర్ గారు కళ్లు తెరిచి చూశారు.

సౌండ్ బాక్స్ మామ, మిర్యాలగూడ:
వైరు సంగతి ఎవరూ చెప్పలేదేం. జీ1 ఫోర్‌లో అవుట్‌పుట్, హెడ్‌ఫోన్ రెండూ ఒకే రంధ్రం, అది స్టీరియో. మామూలు గిటార్ వైరు పిన్ను చూడు, నల్ల గీత ఒక్కటే ఉంటుంది. నీకు కావలసింది రెండు గీతల పెద్ద పిన్ను ఒక చివర, రెండు గీతల చిన్న పిన్ను ఇంకో చివర. ఒక్క గీతది పెడితే ఒక పక్కే మోగొచ్చు, స్పీకర్ పోయిందనుకుంటావు.

డబ్బా మీద గొప్పకు రాసిన పీఎంపీఓ వాట్లు నమ్మకు, నిలకడగా ఇచ్చే ఆర్ఎంఎస్ వాట్లు ఎంతో అడుగు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. రెండంగుళాల స్పీకర్‌కి అంత లోతు అందదు, డిస్టార్షన్ (రాక్ పాటల్లో గరగరలాడే సౌండ్) వేస్తే దోమల గుంపే. నన్నడిగితే ఆరున్నర అంగుళాల కరోకే స్పీకర్ చూడు. మైక్ రంధ్రంలో పెట్టకు, పగిలినట్టు వస్తుంది. లైన్ ఇన్ లేదా ఆక్స్‌లోనే పెట్టు.

గద్వాల్ ఆరు తీగలు:
మామా, కరోకే డబ్బాలో ధన్ ధన్ బేస్ తప్ప ఏముంటుంది? రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో వెతకమనండి. 3 వాట్లే, ఐదంగుళాల స్పీకర్, ఆరు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. తమ్ముడూ, జీ1ని దాని ఆక్స్‌లోనే పెట్టు. జీ1లో యాంప్ సౌండ్ ముందే ఉంది, గిటార్ రంధ్రంలో పెడితే యాంప్ మీద యాంప్ ఎక్కి సౌండ్ బురద బురద అవుతుంది.

సౌండ్ బాక్స్ మామ, మిర్యాలగూడ:
3 వాట్లు డాబాకి చాలు. ముప్పై మంది చప్పట్లు కొడుతూ పాడితే నీ గిటార్ నీకే వినపడదు.

పానగల్ పోరడు:
హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పోయొచ్చా. గిటార్ తీస్తే షాపతను నవ్వాడు గానీ, మూడు స్పీకర్లు పెట్టి చూడనిచ్చాడు. ఒకటి వైరులోనూ వెనకబడింది, దేవరకొండ అన్న చెప్పినట్టే. మామ చెప్పిన రకం ఆరున్నర అంగుళాలది తెచ్చా. బేస్ సగానికి తగ్గించి, జీ1లో క్యాబినెట్ (గిటార్ యాంప్ స్పీకర్ పెట్టెలా వినిపించే సెట్టింగ్) ఆన్‌లో ఉంచితే బాగుంది. డిస్టార్షన్ లేని క్లీన్ టోన్ అయితే సూపర్. ఒక్కటే బాధ, ఛార్జింగ్ పెట్టి వాయిస్తే "గుయ్" అంటోంది.

పాలమూరు తీగలు:
ఛార్జర్ పీకేసి చూడు. జీ1ని కూడా నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడుపు.

పానగల్ పోరడు:
పీకేశా అన్నా, పోయింది. శనివారం రాత్రే ఫుల్ ఛార్జ్ పెట్టుకుంటా.