డాక్టరు గారు తలెత్తి చూడకపోతే ఏం చేస్తున్నారు?

కాకినాడ_కాజా:
మా నాన్నగారికి షుగరు. కొత్తగా వచ్చిన డాక్టరు గారు కంప్యూటర్ లోంచి తలెత్తకుండానే "ఊఁ, చెప్పండి" అంటారు. అరికాళ్ళ తిమ్మిర్ల సంగతి ఎత్తకుండానే నాన్న లేచొచ్చేశారు. "ఆయన పనిలో ఉన్నాడు కదరా" అట! మీ ఇళ్ళలోనూ ఇంతేనా?

వార్డు_సిస్టర్:
చెప్పులు, సాక్సులు బయటే విప్పించి లోపలికి తీసుకెళ్ళండి. పాదాలు ఎదురుగా కనబడితే మోనోఫిలమెంటు (పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూసే సన్నటి నైలాను పోగు) తియ్యక తప్పదు. అందరూ అలా ఉండరు లెండి. మా సర్జన్ గారు రౌండ్స్‌లో స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చుంటారు. ఉండేది రెండు నిమిషాలే, పేషెంట్లు మాత్రం "పావుగంట మాట్లాడారమ్మా" అంటారు.

పీజీ_కష్టాలు:
సిస్టర్ గారి మాటకి లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో కేన్సస్ యూనివర్సిటీ ఆస్పత్రిలో 120 మంది మీద చేసి 2012లో అచ్చేశారు. డాక్టరు కూర్చుని మాట్లాడింది సగటున నిమిషం పైచిలుకు, నిలబడి మాట్లాడింది దాదాపు నిమిషంన్నర. అయినా కూర్చున్నప్పుడే ఎక్కువసేపు ఉన్నాడని, అయిదు నిమిషాల దాకా అని, పేషెంట్లు అనుకున్నారు. మాకు ఇవేవీ చెప్పలేదు. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ అని, పేషెంట్లతో నడవడిక, నైతికత, మాట్లాడే తీరు నేర్పే పాఠాలు పెట్టారు. కానీ ఓపీ బయట క్యూ చూస్తే కూర్చున్నవాడికీ కుదురుండదు.

మోటివేషన్_మామ:
మనం చెప్పేదాంట్లో 93 శాతం మాటల్లో ఉండదు, హావభావాలే!

పీజీ_కష్టాలు:
మామా, ఆ అంకె మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో చేసిన ప్రయోగాలది. ఒక్కో మాట వినిపించి, అన్నవాళ్ళకి ఇష్టమో కాదో చెప్పమన్నారు, అంతే. మందు డోసు సైగలతో చెప్తే నేను మింగను.

న్యూజెర్సీ_కోడలు:
ఇక్కడ ఇంకో తంటా. డిశ్చార్జి రోజు నర్సు ఏం చెప్పినా మా అత్తయ్యగారు తల అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నారు, మనం సరే అన్నట్టు. ఆవిడేమో అర్థంకాలేదనుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. చివరికి ఇంటర్‌ప్రెటర్‌ని లైన్లోకి పిలిచారు. "ఒప్పుకుంటూనే ఉన్నా కదే, ఎందుకు వదలదూ?" అని అత్తయ్యగారు.

ఓరుగల్లు_పోరడు:
మా నాయనమ్మ తుంటి విరిగినప్పుడు మొహాల బొమ్మల కార్డు చూపెట్టి నొప్పి ఎంతుందో వేలు పెట్టమన్నరు. నవ్వు మొహం మీద పెట్టింది! పెద్ద డాక్టరు ముంగట ఏడుపు మొహం చూపెడితే బాగుండదట. సిస్టర్ మాత్రం కార్డు పక్కకు పెట్టి, మంచం కమ్మిని ముసల్ది ఎట్ల బిగవట్టిందో చూసి ఇంజక్షన్ తెచ్చింది.