అప్‌డేట్: ఎలక్ట్రానిక్స్ డిజైన్ ఉద్యోగంలో గణితం, భౌతికశాస్త్రం ఎంత అవసరం?

కాలేజీలో చదివిన గణితం, భౌతికశాస్త్రం సర్క్యూట్ డిజైన్‌లో నిజంగా ఎంతవరకు అక్కరకు వస్తాయని గతంలో అడిగాను. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను కనుక గమనించినది రాస్తున్నాను. చేతితో ఇంటిగ్రేషన్ చేయవలసిన అవసరం ఇంతవరకు రాలేదు, ఆ భారం సిమ్యులేటర్ (సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) మోస్తుంది. ఓమ్ నియమం, వేడి లెక్కలు మాత్రం రోజూ కావాలి. 12 వోల్టులను 5 వోల్టులకు తగ్గించే లీనియర్ రెగ్యులేటర్ (మిగులు వోల్టేజీని వేడిగా వదిలేసే చిప్) నుంచి 200 మిల్లీఆంపియర్లు తీసుకుంటే 1.4 వాట్లు వేడిగా మారతాయి. హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు ముక్క) లేనప్పుడు వాట్‌కు 65 డిగ్రీలు పెరుగుతుందని చిప్ తయారీదారు ఇచ్చే డేటాషీటు చెబితే, చిప్ లోపలి ఉష్ణోగ్రత బయటికన్నా 91 డిగ్రీలు ఎక్కువై, 40 డిగ్రీల ఎండాకాలంలో 125 డిగ్రీల పరిమితిని దాటిపోతుంది. ఈ లెక్కకు బడిలో నేర్చిన గుణకారం చాలు, కానీ ఆ వేడి ఎటు పోతుందో ఊహించగలగాలి, అది భౌతికశాస్త్రమే. స్విచింగ్ రెగ్యులేటర్ (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ వోల్టేజీని మార్చే రకం) స్థిరత్వాన్ని సరిచూసేటప్పుడు మాత్రం కాలేజీ గణితంలోని లాప్లాస్ పద్ధతి, బోడే ప్లాట్లు (ఫ్రీక్వెన్సీని బట్టి సర్క్యూట్ స్పందన ఎలా మారుతుందో చూపే గ్రాఫులు) తప్పనిసరయ్యాయి.