మినీ డాలియా అని తెచ్చుకుంటే నడుం దాటి పెరిగింది, కుండీలకి అసలు ఏ రకం వేసుకోవాలి?

మియాపూర్_సునీత:
అందరికీ నమస్తే అండి. పోయినేడు డిసెంబర్లో ఒక నర్సరీలో డాలియా మొక్కలు ఎనిమిది తెచ్చాను, జానెడు ఎత్తు, మొక్క నిండా పూలు, మినీ డాలియా అమ్మా ఇంతకన్నా పెరగదు అని చెప్పాడు. పది అంగుళాల కుండీల్లోకి మార్చాను. ఆ మొదటి పూలు అయిపోయాక వచ్చిన కొత్త కొమ్మలు చూడాలి, కింద ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి దగ్గరగా ఉంటే పైన మాత్రం ఆకుకీ ఆకుకీ మధ్య బెత్తెడు సందు, ఫిబ్రవరికల్లా నా నడుం దాటేశాయి. పిట్టగోడ మీద గాలికి మూడు కుండీలు కింద పడి పగిలిపోయాయి, కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఈసారి పిట్టగోడ దగ్గర 12 కుండీలు, గేటు నుంచి గుమ్మం దాకా 15 అడుగుల మడి అంచున ఒక వరస వేద్దామనుకుంటున్నా. మా ఆడపడుచేమో పొట్టివి బంతి మొక్కల్లా ఉంటాయి, పెద్ద డాలియానే తెచ్చి తల తుంచుకుంటూ పెంచుకో అంటోంది. మీరేమంటారు?

రాజమండ్రి_ప్రసాద్:
మీ ఆడపడుచు గారి మాటే నా మాట అమ్మా. డాలియా అంటే పళ్ళెమంత పువ్వు, అది లేనప్పుడు బంతో చామంతో పెంచుకోవచ్చు కదా. నేను కడియం నుంచి కటింగ్ మొక్కలు, అంటే కొమ్మ ముక్క నాటి పెంచినవి, తెచ్చుకుంటాను, 12 అంగుళాల కుండీ, ఎర్రమట్టి సగం, మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక, గుప్పెడు వేప పిండి. నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచేయాలి, పక్క కొమ్మలు నాలుగు ఉంచాలి, ప్రతి కొమ్మ చివర మధ్య మొగ్గ ఒక్కటే ఉంచి పక్కన ఉండే రెండు బుల్లి మొగ్గలూ గోటితో గిల్లేయాలి. కర్ర పాతి రెండు చోట్ల వదులుగా కట్టాలి. సంక్రాంతికి ఆ నాలుగు పూలు విచ్చుకుంటే వీధిలో వాళ్ళు ఆగి చూసి వెళ్తారు.

విత్తనాల_రమేష్:
ప్రసాద్ గారూ మీ పూల ఫొటోలు చూశాను, కాదనను. కానీ సునీత గారు అడిగింది పిట్టగోడ గురించి. తల తుంచితే కొమ్మలు పెరుగుతాయి గానీ జాతి ఎత్తు మారదు, నాలుగడుగుల రకం తుంచితే మూడు మూడున్నరకి ఆగుతుంది, అంతే. పైన అంత బరువైన పువ్వు, మిద్దె మీద గాలి, ఎన్ని కర్రలు పాతినా భయమే.

సునీత గారూ, మీ మొక్కకి ఏమైందో మీ పోస్టులోనే ఉంది. కింద ఆకులు దగ్గరగా, పైన సందులు. ఎదుగుదల ఆపే మందు వేసిన మొక్క తీరు అచ్చం ఇలాగే ఉంటుంది. మన మామిడి తోటల్లో పూత కోసం వేస్తారే ప్యాక్లోబ్యూట్రజాల్, అలాంటివే కుండీ పూల మొక్కలకీ వాడతారు, మొక్కలో కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ తయారవకుండా ఆపుతుంది, మందు ప్రభావం తగ్గి కొత్త మట్టి దొరికాక మొక్క తన అసలు ఎత్తుకి వెళ్ళిపోతుంది. అందుకే నేను ఎక్కడైనా చెప్పేది ఒకటే, అమ్మేచోట ఎంత ఎత్తుందో చూసి కొనకండి, రకం పేరు అడిగి కొనండి, పేరు చెప్పలేకపోతే వదిలేయండి. పొట్టితనం జాతిలోనే ఉండాలి.

విత్తనంలో అయితే ఫిగరో, రిగొలెట్టో అని వస్తాయి, అడుగు, అడుగుంపావు. అన్విన్స్ డ్వార్ఫ్ అడుగున్నర నుంచి రెండడుగులు. సెప్టెంబర్ ఆఖర్లో ట్రేలో వేస్తే వారం పది రోజుల్లో మొలుస్తాయి, డిసెంబర్‌కి పూలు. అక్టోబర్ వానలకి ట్రే తడిచిందంటే మాత్రం నారు కుళ్ళు వచ్చేస్తుంది, పోయినసారి 40 మొలిస్తే నాకు 22 మిగిలాయి, ఈసారి రేకు కింద పెట్టాను.

రాజమండ్రి_ప్రసాద్:
మందు సంగతి నాకు కొత్త బాబూ, తెలుసుకున్నాను. కానీ విత్తనం అంటే ఏ రంగు వస్తుందో తెలీదు, ఒకటి ముద్ద పువ్వు ఒకటి రేక పువ్వు, 15 అడుగుల వరసలో అన్నీ కలిసిపోయి ఉంటే ఏం బాగుంటుంది? నా కటింగ్ తెలుపైతే తెలుపే.

విత్తనాల_రమేష్:
అది ఒప్పుకుంటా. పైగా మన మొక్క గింజలే దాచి మళ్ళీ వేసినా తల్లిలా రావు. తోట డాలియాకి క్రోమోజోములు ఎనిమిది సెట్లు, మనిషికి రెండే, కాబట్టి పిల్ల మొక్క రంగూ ఎత్తూ ఎటైనా పోవచ్చు. నచ్చిన మొక్క కనిపిస్తే దానికి దారం కట్టి దుంప దాచుకోవాలి, గింజ మొక్కకి కూడా మొదటి ఏడే దుంపలు ఊరతాయి.

లెస్టర్_శిరీష:
ఇక్కడ ఇంగ్లాండులో మా ఇంటి ముందు మడికి నేను చేసేది చెప్తాను. ముందు వరసకి గ్యాలరీ రకాలు, 30 నుంచి 45 సెంటీమీటర్లు, ఆర్ట్ డెకో నారింజ రంగు, ఆర్ట్ నూవో ముదురు గులాబీ, రెండూ ముద్ద పూలే, కర్ర అక్కర్లేదు, రంగూ తప్పదు. ప్రసాద్ గారు కోరుకునేది, సునీత గారికి కావాల్సింది రెండూ ఒకే దుంపలో ఉన్నాయి. వెనక వరసకి బిషప్ ఆఫ్ లాండాఫ్, దాదాపు నూరేళ్ళ పాత రకం, ఎర్రటి పువ్వు, నల్లటి ఆకు, మీటరు ఎత్తు వస్తుంది, కుండీకి వద్దు. మాకు మే ఆఖర్లో నాటి, మంచుకి ఆకులు నల్లబడ్డాక తవ్వి దాచడం. ఎవరైనా ఇక్కడి నుంచి సూట్‌కేసులో దుంపలు తెప్పించుకుందాం అనుకుంటే దయచేసి వద్దు, ఇండియాకి దుంపలు తేవాలంటే పర్మిట్, తెగుళ్ళు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, తెగుళ్ళు కూడా వాటితోనే వస్తాయి.

మియాపూర్_సునీత:
దుంప దాచడం మాకు కష్టం శిరీష గారూ. పోయినేడు రెండు దాచాను, మే ఎండలకి ఒకటి ముడతలు పడి ఎండిపోయింది, తడి చూపిస్తే రెండోది కుళ్ళింది.

రాజమండ్రి_ప్రసాద్:
ఏప్రిల్లో నీళ్ళు మెల్లగా ఆపి, కాండం నాలుగు వేళ్ళు ఉంచి కోసి, పొడి ఇసుకలో గది లోపల పెట్టాలమ్మా, మిద్దె మీద కాదు. ఇరవై రోజులకోసారి తీసి చూసి ముడత పడితే చెమ్మ చిలకరించాలి. కాండం మొదట్లో కన్ను ఉన్న దుంపే మొలుస్తుంది, కన్ను లేనిది ఎంత లావుగా ఉన్నా ఉపయోగం లేదు.

బాపట్ల_విద్య:
ఎవరూ తేనెటీగల మాట ఎత్తలేదు. ముద్ద పువ్వులో మధ్యన పుప్పొడి ఉండే చిన్న పూల స్థానంలో అన్నీ రేకలే, ఈగ వచ్చి వెతుక్కుని వెళ్ళిపోతుంది. మిద్దె మీద సొర, దోస, గుమ్మడి ఉన్నవాళ్ళకి ఒంటి రేక పొట్టి డాలియా నిజంగా పనికొస్తుంది. రేకలు త్వరగా రాలతాయి, రెండ్రోజులకోసారి వాడిన పూలు తుంచాలి. కొత్తవాళ్ళు మొగ్గలే తుంచేస్తుంటారు, గుండ్రంగా బొత్తాంలా ఉంటే మొగ్గ, కోసుగా ఉండి నొక్కితే మెత్తగా చెమ్మగా ఉంటే వాడిన పువ్వు. ఎండ ముదిరాక ఆకు అడుగున ఎర్రనల్లి కూడా చూసుకోండి.

మియాపూర్_సునీత:
నాకు సొర పాదు ఉంది విద్య గారూ, ఈ ఏడు పిందెలన్నీ రాలిపోతున్నాయి, చేత్తో పరాగం అద్దుతున్నా. అయితే పిట్టగోడ దగ్గర 12 కుండీలకి ఫిగరో విత్తనమే, గోడ మీద కాదు, కింద నేల మీదే పెడతాను. గేటు వరసకి అడుగుకొకటి చొప్పున 15 మొక్కలు, పూసినప్పుడు రంగు చూసి దారాలు కడతాను. ప్రసాద్ గారూ, గుమ్మం పక్కన గాలి తగలని మూల ఒకటుంది, పొద్దున ఆరేడు గంటలు ఎండ పడుతుంది, అక్కడికి మీ తెల్ల డాలియా కటింగ్ ఒకటి పెడతాను. కర్ర మొక్క నాటేటప్పుడే పాతాలా, తర్వాతా?

రాజమండ్రి_ప్రసాద్:
నాటేటప్పుడే తల్లీ. తర్వాత పాతితే దుంపలో దిగుతుంది.