సాంకేతికత తెలిసినవాడా, లెక్క తెలిసినవాడా? ఫండ్‌లో ఎవరికి చోటు?

కొత్త_ఇంజినీరు:
ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. షేర్ల మీద పరిశోధన చేసే ఉద్యోగంలో చేరాలని ఉంది. సీఎఫ్‌ఏ అనే పెట్టుబడి విశ్లేషణ పరీక్ష మూడు దశలూ దాటనిదే ఎవరూ గుమ్మం తొక్కనివ్వరని మా బావ అంటాడు. నేను ఒప్పుకోను. అమెరికాలో కేథీ వుడ్ 2014లో ఆర్క్ సంస్థ పెట్టి, ఫైనాన్స్ చదివినవారికంటే జన్యుశాస్త్రం, రోబోలు, బ్యాటరీల వంటి రంగాలు తెలిసినవారినే అనలిస్టులుగా ఏరుకున్నారు. ఆ సంస్థ ప్రధాన ఫండ్ 2020లో దాదాపు 150 శాతం పెరిగింది. చిప్పు సంగతి తెలిసినవాడికి బ్యాలెన్స్ షీటు నేర్పడం తేలిక. బ్యాలెన్స్ షీటు తెలిసినవాడికి చిప్పు నేర్పగలరా?

లెక్కల_పిచ్చి:
2020 దగ్గరే ఆగిపోయారేమి? అదే ఫండ్ 2021లో నష్టపోయింది, 2022లో ఏకంగా 67 శాతం పడింది. నూరు రూపాయలు 33 అయితే, మళ్ళీ నూరు కావడానికి అవి మూడింతలు కావాలి. ఇంకో సంగతి, జనం డబ్బు ఎప్పుడు వచ్చిందో చూడండి. 2020 లాభం వార్తలకెక్కాక, 2021 ఫిబ్రవరిలో ధర శిఖరాన ఉన్న రోజుల్లో ఎగబడ్డారు. ఫండ్ ప్రకటించే రాబడి ఒకటి, మదుపరి చేతికి దక్కేది మరొకటి. ఫండ్ల పనితీరును లెక్కగట్టే మార్నింగ్‌స్టార్ సంస్థ 2024లో పదేళ్ళ లెక్క తీసి, మదుపరుల సంపదను అన్నింటికంటే ఎక్కువగా కరిగించినది ఆర్క్ ఫండ్ల కుటుంబమేనని తేల్చింది. కరిగినది 1,430 కోట్ల డాలర్లు.

డల్లాస్_తాతయ్య:
2000లో నేను నెట్‌వర్కుల పనిలోనే ఉన్నాను. అప్పట్లో నేను కొన్న షేర్ల పేర్లు చెప్పుకోను, సిగ్గు. నెట్‌వర్కు రూటర్లు చేసే సిస్కోనే తీసుకోండి, అందరికీ తెలిసినదే. ఇంటర్నెట్ లోకాన్ని మారుస్తుందన్నారు, మార్చింది. కంపెనీ మునగలేదు, బాగానే సంపాదించింది. అయినా 2000 మార్చి నాటి శిఖరాన్ని ఆ షేరు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అందుకోలేదు. రూటరు లోపలి సంగతులన్నీ మాకు తెలుసు. దానికి ఎంత ధర పెట్టవచ్చో మాత్రం తెలియలేదు.

కొత్త_ఇంజినీరు:
అయితే నా చదువు దండగేనా తాతయ్యా?

బాంద్రా_అనలిస్టు:
దండగ కాదు. నేను పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మా బృందంలో ఇంజినీర్లు ఉన్నారు, వారి మాటకు విలువ ఉంది. కానీ మీరు తెచ్చిన ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుంది. ఆర్క్ ప్రధాన ఫండ్ కృత్రిమ మేధకు చిప్పులు చేసే ఎన్విడియా షేర్లను ఏళ్ళ తరబడి పట్టుకుని 2023 జనవరిలో పూర్తిగా వదిలేసింది. ఆ ఏడాదే ఆ షేరు మూడింతలు దాటింది. కృత్రిమ మేధ గురించి వారికి తెలియక కాదు. ధర ముందే పరుగెత్తిందని అనుకున్నారు. సాంకేతిక అంచనా నిలిచింది, ధర అంచనా తప్పింది. ఇక కేథీ వుడ్ మాటకొస్తే, ఆవిడ చదివింది ఫైనాన్సే. ఆర్క్‌కు ముందు ముప్పై ఏళ్ళకు పైగా మామూలు పెట్టుబడి సంస్థల్లోనే పనిచేశారు.

లెక్కల_పిచ్చి:
మన పేటీఎం సంగతీ అంతే. తోపుడుబండి మీద కూడా దాని పలక ఉంది. 2021 నవంబరులో 2,150 రూపాయలకు షేరు అమ్మితే, నమోదైన మొదటి రోజే 27 శాతం పడింది.

బాంద్రా_అనలిస్టు:
సీఎఫ్‌ఏ విషయంలో మీ బావది సగం నిజం. ఆ పట్టా ఉంటే దరఖాస్తు చదువుతారు, అంతవరకే. మా దగ్గరకు వచ్చేవారిని నేను అడిగేది ఒకటే: ఈ కంపెనీ లాభం చూపిస్తోంది, చేతికి నగదు ఎందుకు రావడం లేదు? ఎలక్ట్రానిక్స్ తయారీ కంపెనీ ఒకదాని వార్షిక నివేదిక తీసి, ఆ ప్రశ్నకు రెండు పేజీల జవాబు రాసి చూడండి. అక్కడ మీ చదువు అక్కరకొస్తుంది.

కొత్త_ఇంజినీరు:
ఈ రాత్రే ఒకటి తీశాను. సరుకు అమ్మారు, డబ్బు రాలేదు. బాకీలు పేరుకున్నాయి. ఇదేనా జవాబు?

బాంద్రా_అనలిస్టు:
ఎవరి దగ్గర పేరుకున్నాయి? ఎన్ని రోజులుగా?