సబ్‌మీటరుకు యూనిట్‌కి 10 రూపాయలు, ఇదేం లెక్క?

మేడమీద గది:
ఉప్పల్ దగ్గర మూడు పోర్షన్ల ఇంట్లో ఆరేళ్లుగా అద్దెకుంటున్నాం. ఇల్లంతటికీ ఒకటే కరెంటు మీటరు, పోర్షన్‌కో సబ్‌మీటరు. ఒకటో తారీఖున ఓనరు గారబ్బాయి వచ్చి, మెట్ల కింద ఫోన్ లైటు వేసి రీడింగ్ చూసి, గోడ మీదే పెన్సిల్‌తో రాసి పోతాడు. యూనిట్‌కి 10 రూపాయలు. పోయిన నెల 140 యూనిట్లకు 1400 కట్టాం. విడిగా మీటరుంటే మొదటి వందకు 3.40, మిగతా నలభైకి 4.80 చొప్పున 532 అయ్యేది, పైన ఫిక్స్‌డ్ ఛార్జీలు. అసలు మాకు తెల్ల రేషన్ కార్డుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు వాళ్లకి జీరో బిల్లు వస్తోంది, మాకది కూడా లేదు. ఓనర్లు చెప్పండి, ఇది న్యాయమేనా?

పాత బోడుప్పల్:
బాబూ, నేనూ ఓనర్నే, నేనూ పదే తీసుకుంటాను. మూడు పోర్షన్లు ఒకే మీటరు మీద పడితే స్లాబు ఎక్కడికి పోతుందో నీకు తెలుసా? నువ్వు చెప్పే 3.40 రేటు మాకు ఒక్క యూనిట్‌కి కూడా పడదు. పైగా నీళ్ల మోటారు ఎవరి కరెంటుతో తిరుగుతోంది? ముందు దానికి సమాధానం చెప్పు.

మల్కాజిగిరి అక్క:
మా దగ్గర 9. మోటారుకి వేరే 200.

మేడమీద గది:
లెక్క వేసే వచ్చానండీ. మూడు పోర్షన్లూ తలా 140 అనుకుంటే 420, మోటారుకి 60, మొత్తం 480. 200 దాటింది కాబట్టి రేట్లు మారతాయి: మొదటి 200 యూనిట్లకు 5.10, తర్వాతి వందకు 7.70, ఆ తర్వాతి వందకు 9, మిగిలిన 80కి 9.50. అంతా కలిపి 3450. మా ముగ్గురి దగ్గరా వసూలయ్యేది 4200. మోటారు కూడా అందులోనే వచ్చేసింది. 10 రూపాయల స్లాబు 800 యూనిట్లు దాటితేనే కదా!

పాత బోడుప్పల్:
మోటారుకి 60 అని నువ్వే రాసుకుంటే సరిపోతుందా? ఎండాకాలంలో బోరు సగం గాలే లాగుతుంది, గంటలో నిండే ట్యాంకు మూడు గంటలైనా నిండదు.

వైర్‌మన్ తమ్ముడు:
ఒక హెచ్‌పీ మోటారు గంటకి దాదాపు యూనిట్ తింటుంది. రోజుకి రెండు గంటలంటే నెలకి 60, అన్న లెక్క సరిగ్గానే ఉంది. ఎండాకాలంలో ఎక్కువవుతుందన్న మాటా నిజమే. అన్నా, ఒకసారి మీ పోర్షన్ మెయిన్ ఆఫ్ చేసి సబ్‌మీటరు లైటు చూడండి. అప్పుడూ మెరుస్తుంటే మీ లైను మీద ఇంకేదో నడుస్తున్నట్టే.

పాత బోడుప్పల్:
అందరూ ఓనరునే దొంగని చేస్తున్నారు. 2019లో ఇద్దరు కుర్రాళ్లకి పైగది ఇచ్చాను. ఏసీ అద్దెకి తెచ్చుకుని, సబ్‌మీటరు తప్పించి వైరు నేరుగా కలిపారు. మే నెల బిల్లు తొమ్మిది వేలు దాటింది. అడిగిన రాత్రే తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్లిపోయారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా ఆ ఇంట్లో పెట్టినవాణ్ణి నేను. అప్పటినుంచే పది.

మేడమీద గది:
వాళ్లు చేసిన దానికి నేనెందుకు కట్టాలి? నన్ను బాబూ అనడం కూడా ఆపండి, నాకు నలభై రెండేళ్లు.

మల్కాజిగిరి అక్క:
ఇద్దరూ మోటారు దగ్గరే ఆగిపోయారు. పోర్షన్‌కో మీటరు వేయిస్తే ఈ గొడవే ఉండదు కదా? పెద్దాయనా, మీరెందుకు వేయించలేదు?

పాత బోడుప్పల్:
వేయించను. ఖర్చు గురించి కాదు. ఆ జీరో బిల్లు కోసం నా సర్వీసు నంబరుకి అద్దెకున్నవాళ్ల రేషన్ కార్డు కడితే, ఖాళీ చేసి పోయాక దాన్ని తీయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగేది నేను. నా ఇంటి కాగితాల్లో ఇంకొకరి పేరు ఎక్కితే నాకు రాత్రి నిద్ర పట్టదు. మా తోడల్లుడి ఇంట్లో ఒకాయన ఏ కాగితాలో చూపించి మూడేళ్లు కదల్లేదు.

మేడమీద గది:
మీటరు మీ పేరు మీదే ఉంటుందండీ. ఆరేళ్లలో ఒక్క నెల అద్దె ఆపలేదు మేము. అయినా మా ఓనరు అగ్రిమెంటు రాయరు. పిల్లాడి స్కూల్లో అడ్రస్ ప్రూఫ్ అడిగితే గ్యాస్ బుక్కు పట్టుకుని వెళ్లాను. పోయిన నెల మా ఆవిడ మెయిన్ మీటరు బిల్లు ఒకసారి చూపించమని అడిగింది, అంతే. మర్నాడు పొద్దున్నే ‘ఇబ్బందిగా ఉంటే ఖాళీ చెయ్యండి’ అని కబురొచ్చింది. నేను ఇక్కడ రాసింది అందుకు. ఆ పది రూపాయలు ఇన్నాళ్లూ కట్టినవాళ్లమే.

మల్కాజిగిరి అక్క:
ఇది మొదటే చెప్పాల్సింది తమ్ముడూ.

పాత బోడుప్పల్:
బిల్లు అడిగినందుకు ఖాళీ చెయ్యమనడం తప్పే. నేను బిల్లు మెట్ల దగ్గర మేకుకి గుచ్చి పెడతాను, ఎవరైనా చూసుకోవచ్చు. మీటర్ల సంగతిలో మాత్రం నా మాట అదే.

మేడమీద గది:
వైర్‌మన్ తమ్ముడూ, ఇప్పుడే మెయిన్ ఆఫ్ చేసి చూశాను. లైటు మెరుస్తూనే ఉంది.

వైర్‌మన్ తమ్ముడు:
ఎవర్నీ ఏమీ అనకండి అన్నా. పాత వైరింగ్‌లో మెట్ల లైటు మీ లైనుకే కలిపేసి ఉండొచ్చు. ముందు వీడియో తీసి పెట్టుకోండి. రేపు ఓనరు గార్ని పక్కన నిలబెట్టుకుని, ఆయన ముందే మళ్లీ ఆఫ్ చేసి చూపించండి.