పేపర్లు ఉన్న బ్రీడరా, ఇంట్లో పిల్లలు పెట్టించినవాళ్లా?

ల్యాబ్ కావాలి: లాబ్రడార్ పిల్ల కోసం వెతుకుతున్నాం. ఒకాయన రిజిస్టర్డ్ బ్రీడర్, పిల్ల వంశం చెప్పే పేపర్లు ఇస్తారట. తల్లిని చూపించమంటే మాత్రం మాట దాటేస్తున్నారు. ఇంకొకరు తమ పెంపుడు కుక్కకి ఒక్కసారి మేటింగ్ చేయించారు. పేపర్లు లేవు, కానీ తల్లి ఇంట్లోనే ఉంది, మనుషుల్ని చూస్తే తోకాడిస్తూ వచ్చేస్తుంది. మావారు మొదటాయన వైపు, నేను రెండోవాళ్ల వైపు. మీరేమంటారు?

వంశవృక్షం: నా ఓటు మీవారికే. ముత్తాతలెవరో తెలియకపోతే దగ్గరి రక్తంలోనే మేటింగ్ అయిందేమో ఎలా తెలుస్తుంది? ఇంటివాళ్లకి ప్రేమ ఉంటుంది, కాదనను. మగకుక్క సంగతి అడగండి, "తెలిసినవాళ్లదేనండీ, చాలా మంచిది" అంటారు.

నాలుగు కాళ్లు: పిల్ల ఎవరి సంతానమో పేపర్లు చెబుతాయి. దాని కీళ్లు ఎలా ఉంటాయో చెప్పవు. తుంటి, మోచేతి డిస్‌ప్లేసియా, అంటే కీలు సరిగ్గా అమరకుండా పెరగడం, ఈ జాతిలో వంశపారంపర్యంగా వస్తుంది. అందుకే తల్లికీ తండ్రికీ ఎక్స్‌రే తీయించి గ్రేడు వేయించారా అని అడగాలి. కుక్కల కీళ్లకి గ్రేడులిచ్చే అమెరికా సంస్థ ఓఎఫ్‌ఏ పద్ధతిలో తుంటికి తుది గ్రేడు 24 నెలలు నిండాకే ఇస్తారు. ఏడాదిన్నర తల్లికి ఆ సర్టిఫికెట్ ఉందన్నారంటే అక్కడే తేడా ఉంది.

చూపు పోగొట్టే పీఆర్‌ఏకి, గట్టిగా పరుగెత్తాక కాళ్లు పడిపోయే ఈఐసీకి డీఎన్‌ఏ పరీక్షలున్నాయి. తల్లిదండ్రుల్లో ఒకటి క్యారియర్ (తనకి జబ్బు రాకపోయినా ఆ జన్యువు మోసేది) అయినా రెండోది క్లియర్ (ఆ జన్యువే లేనిది) అయితే పిల్లలకి ఆ జబ్బు రాదు. కాబట్టి "మా కుక్క క్యారియర్" అని ముందే చెప్పిన బ్రీడర్‌ని చూసి పారిపోకండి, నాకైతే అలాంటివాళ్ల మీదే గురి. రిపోర్టు మీది మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబరు ఆ కుక్కదేనో కాదో స్కానర్‌తో చూపించమనండి.

వంశవృక్షం: ఇవన్నీ ఇంట్లో పెంచుకునేవాళ్లు చేయిస్తారా?

నాలుగు కాళ్లు: రిజిస్టర్డ్‌వాళ్లలో ఎంతమంది చేయిస్తున్నారు, మీరే చెప్పండి! ఎవరి దగ్గర కొన్నా అడగాల్సింది ఒకటే.

బెదురుపిల్ల: రిపోర్టులతో పనైపోదండీ. దాదాపు 3 నుంచి 14 వారాల మధ్య చూసిన మనుషులకి, విన్న చప్పుళ్లకే పిల్ల అలవాటుపడుతుంది. షెడ్డులో పెరిగినది మిక్సీ మోతకి కూడా మంచం కిందకి దూరుతుంది. ఎనిమిది వారాలు నిండకుండా ఇచ్చేవాళ్ల దగ్గర ఎన్ని గ్రేడులున్నా నేను కొనను. తల్లి బెదురుగా ఉన్నా అంతే.

వీధికుక్క: షెల్టర్ నుంచి తెచ్చుకుంటే ఈ టెన్షనే లేదు కదా.

బెదురుపిల్ల: మంచి మాటే, కానీ వాళ్లు అడిగింది అది కాదు.

ల్యాబ్ కావాలి: ఇద్దరికీ ఫోన్ చేశా. ఎక్స్‌రే అంటే "కుక్కకి దెబ్బేం తగల్లేదండీ" అన్నారు ఇంటివాళ్లు. బ్రీడర్ గారు తల్లిని చూడాలంటే ముందు అడ్వాన్స్ కట్టమన్నారు. ఇద్దరూ వద్దనుకున్నాం.

వంశవృక్షం: అడ్వాన్స్ అడిగారంటే నేనూ వెనకేసుకురాను. ఈసారి ఎవరితో మాట్లాడినా, మీరు పెంచలేకపోతే ఏ వయసులోనైనా వెనక్కి తీసుకుంటారా అని అడిగి, కాగితం మీద రాయించుకోండి.