ఎండ రాని ఇంట్లో వానాకాలంలో బట్టలు ఆరబెట్టడం ఎలా?

మేము హైదరాబాదులోని మలక్‌పేటలో, ఒక పాత భవనం కింది అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. డాబా మీద దండెం కట్టుకోవడానికి యజమాని అనుమతించలేదు. వెనుక వసారాకు పక్కింటి గోడ అడ్డు. అందువల్ల జూన్‌లో వానలు మొదలైనప్పటి నుంచి సెప్టెంబరు చివరి వరకు బట్టలన్నీ పడకగదిలోనే, ఫ్యాను కింద స్టాండు మీద ఆరవేస్తున్నాము. నూలు చీరలు ఒక రోజులో ఆరుతున్నాయి గానీ, తువ్వాళ్లు, జీన్సు ప్యాంట్లు రెండు రోజులైనా ఆరక ముక్కిన వాసన వేస్తున్నాయి.

అంతకన్నా నన్ను కలవరపెడుతున్నది బీరువా వెనుక గోడ మీద పాకుతున్న నల్లటి బూజు, ఎందుకంటే ఉబ్బసం ఉన్న మా అత్తగారు ఆ గదిలోనే పడుకుంటారు, ఈ మధ్య రాత్రిళ్లు ఆమెకు దగ్గు ఎక్కువైంది. తేమ కొలిచే చిన్న మీటరు కొని చూస్తే, బట్టలు ఆరవేసిన రాత్రి 80 శాతం దాటుతోంది. మిషన్‌లో రెండోసారి స్పిన్ చేసి చూశాము, కొంత మేలు.

కిటికీ తెరిస్తే బయటి తేమ గాలి లోపలికి వస్తుంది, మూసి ఉంచితే బట్టల తేమ గదిలోనే నిలిచిపోతుంది. ఇలాంటప్పుడు కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించుకోవడం మంచిదా, లేక తలుపులు మూసి డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను నీరుగా లాగేసే యంత్రం) నడపడం మంచిదా? 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గదికి రోజుకు ఎన్ని లీటర్ల నీరు లాగే యంత్రం సరిపోతుందో, దానివల్ల కరెంటు బిల్లు ఎంత పెరిగిందో, వాడినవారు దయచేసి తెలియజేయగలరు.